అల్మారాలో దాచిన తేనెపట్లు

మా మేనత్తను అందరూ చట్రాలత్త అంటారు. వరసకు అత్త కానివాళ్ళూ అలాగే పిలుస్తారు. తేనెటీగల పెట్టెల్లో వరసగా వేలాడదీసే చెక్క చట్రాలే ఆవిడ లోకం. ఆ చట్రాల్లో ఈగలు మైనంతో చిన్న చిన్న గదులు కట్టి పట్టు పెడతాయి. తేనె తీసేశాక ఖాళీ పట్టు, చట్రంతో సహా అత్త షెడ్డుకు చేరుతుంది. అత్త ఒక్కోదాన్నీ కిటికీ వైపు ఎత్తి చూస్తుంది. వెలుతురు టీ రంగులో ఇవతలికి దిగితే ఆ పట్టు ఇంకో పూతకు పనికొస్తుంది. తారుముద్దలా నల్లబడి ఏమీ కనిపించకపోతే దాని పని అయిపోయినట్టే. దాన్ని కోసి మైనం కాచే డబ్బాలో పడేస్తుంది. చట్రాన్ని ఉలితో గీకి, ఈగలు పూసిన జిగురు రాల్చి, బట్టల సోడా వేసిన మరుగునీళ్ళలో ముంచి, ఆరబెట్టి, కొత్త తీగ లాగుతుంది. లాగి, వేలితో మీటుతుంది. తీగ మోగాలి. మోగకపోతే విప్పి మళ్ళీ లాగుతుంది.

ఇంత చేసే మనిషి తేనెపెట్టె మూత మాత్రం ఎన్నడూ తీసి ఎరగదు. పెళ్ళయిన కొత్తలో ఒక్క ఈగ కుడితే మొహం గుమ్మడికాయలా వాచి, ఊపిరాడక ఆస్పత్రిలో పడిందట. అప్పటినుంచీ అత్తింటివాళ్ళు ఆవిడను పెట్టెల దగ్గరికి రానివ్వలేదు. ఖాళీ చట్రాలు అప్పజెప్పి షెడ్డులో కూర్చోబెట్టారు. పెట్టెలు చూడాలనిపిస్తే పెరటి కిటికీకి కట్టిన వల వెనక నిలబడి చూడాల్సిందే.

ఆ తరవాత తోడికోడలు వచ్చింది. నేను చిన్నత్త అంటాను. కాపురానికొచ్చిన కొత్తలోనే చేతికి తొడుగైనా లేకుండా పెట్టెలో చెయ్యి పెట్టి, ఈగలు ముసిరిన చట్రాన్ని పైకెత్తి, "అక్కా, ఇటు చూడు, ఎంత బరువుందో!" అని కేకేసిందట. అత్త వల వెనకనుంచి చూసింది.

"ఆ రోజు అది నవ్విన నవ్వుందే, ఇప్పటికీ నా కంట్లో నలుసురా" అని అత్త నాతో చాలాసార్లు అంది.

తేనె తీసేది చిన్నత్త. సీసాల్లో పోసేది చిన్నత్త. వీధివైపు గదిలో కూర్చుని అమ్మేదీ ఆవిడే. కొన్నవాళ్ళు వెళ్తూ వెళ్తూ "నీ హస్తవాసి మంచిదమ్మా" అంటారు. ఆ మాట గోడ దాటి వినిపించినప్పుడల్లా షెడ్డులో ఉలి దెబ్బ గట్టిగా పడుతుంది.

"హస్తవాసట, హస్తవాసి! ఈగ తన ఒంట్లోంచి మైనం తియ్యాలంటే ముందు పొట్టనిండా తేనె తాగాలి. కట్టిన గదులు నేను సిద్ధంగా ఇస్తుంటే ఆ తేనెంతా అవి గదుల్లో పోస్తున్నాయి. వండేది ఒకరు, వడ్డించి పేరు కొట్టేసేది ఇంకొకరు."

నీళ్ళ పరీక్షల ల్యాబులో పనిచేసే నాకు ఆ వాదనలో తప్పేమీ కనిపించలేదు. వాదన చల్లగానే ఉంది, కాలుతున్నది ఆవిడ గొంతు.

పాప పుట్టాక మేం ఆ ఇంటి మేడమీద గదిలోకి మారాం. మా ఆవిడది పొద్దుటి డ్యూటీ, నాది మధ్యాహ్నం. పొద్దున పూట పాపను చూసుకునేది నేనే. మేనత్త ఒంటితీరు పాపకూ వచ్చిందేమో, ఒక్క ఈగ కుడితే ఏమవుతుందో అని నా భయం. అందుకే దాన్ని ఎత్తుకుని షెడ్డులోనే కూర్చునేవాణ్ణి. ఇంటి మొత్తానికి ఈగ రాని చోటు అదొక్కటే. ఆ ఏడు జరిగింది చాలావరకు అక్కడినుంచే చూశాను.

ఒక పొద్దున అత్త ఉలి కింద పెట్టి మామయ్యను పిలిచింది.

"ఈసారి పెట్టెలు రెండు వరసలు చెయ్యండి. గోడవైపుది నాది, గేటువైపుది దానిది. పొద్దుతిరుగుడు చేలు పూసినప్పుడు ఎవరి వరసలో తేనె ఎక్కువొస్తుందో చూద్దాం. హస్తవాసి ఎవరిదో తేలిపోవాలి."

"నీ వరసకి మూతలు తీసేదెవరు?" అన్నాడు మామయ్య.

"మీరే. నేను వల వెనకనుంచి చెబుతుంటాను, మీరు చేస్తుండండి."

"ఇన్నేళ్ళూ అదేగా చేస్తున్నాను" అని ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

చిన్నత్త నవ్వేసి ఒప్పుకుంది. తన వరసకు పట్లు అడగడానికి షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. అత్త మూలనున్న గుట్ట చూపించింది. అన్నీ కాచడానికి పక్కన పెట్టిన నల్లవి. కొన్ని వంకర, కొన్నిటికి మూలలు విరిగాయి.

"ఇవేంటక్కా, మాడిన పెనాల్లా ఉన్నాయి! మంచివి లేవా?"

"ఉన్నవి ఇవే. కావాలంటే పట్టుకుపో, లేదంటే కాచేస్తాను. నీ హస్తవాసి ఉందిగా, వీటిల్లోనే పోయించు తేనె."

చిన్నత్త ఒక్క క్షణం అత్త మొహంలోకి చూసింది. "సరే. మరి పూత వచ్చేదాకా వీటిని ఎక్కడ దాచను?"

"వసారాలో బట్టలారేసే తీగ ఉంది కదా, తగిలించుకో!"

వెటకారంగా అన్న మాటే. చిన్నత్త మాత్రం నిజంగానే తీసుకెళ్ళి తీగ మీద లంగాలు, తువ్వాళ్ళ పక్కన ఆ నల్లపట్లన్నీ వేలాడదీసింది.

మంచివి లేకపోవడమేమిటి? ఉన్నాయి. ఒకటి రెండు తరాల పిల్ల ఈగలు పెరిగి గట్టిపడిన, టీ రంగు పట్లు. మామూలుగా అయితే అత్త వాటిని షెడ్డు కప్పు కింద కర్రలకు వేలాడదీస్తుంది. ఒకదానికొకటి తగలకుండా ఎడం ఉంచుతుంది. వల బిగించిన రెండు కిటికీలూ బార్లా తెరిచి పెడుతుంది. మైనం తినే పురుగుకి వెలుతురూ గాలీ గిట్టవని నాకు నేర్పింది ఆవిడే. కానీ అలా వేలాడదీస్తే గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి కనిపిస్తాయి. ఆ ఏడు వాటిని పడకగదిలో చెక్క అల్మారాలో ఇటుకల్లా పేర్చి, పైన దుప్పటి కప్పి, తాళం వేసింది.

"గాలి ఆడదేమో అత్తా" అన్నాను.

"అది చూసిందంటే సగం ఇమ్మంటుంది. మీ మామయ్య ఇచ్చెయ్యమంటాడు. కొన్నాళ్ళేగా, ఏం కాదు."

ఆ కొన్నాళ్ళూ అత్త కళ్ళు వసారా మీదే. గాలికి ఊగే నల్లపట్లను చూసి "ఎండకి కరిగిపోతే బావుణ్ణు" అనేది. వసారాలో ఎండ పడదు. ఒకసారి చిన్నత్త చట్రాలను అటూ ఇటూ తిప్పి తగిలిస్తుంటే "చూడు దాని వయ్యారం, పెళ్ళిబట్టలు ఆరేస్తున్నట్టు" అంది.

చేలు పూసిన రోజు అత్త తలస్నానం చేసి అల్మారా తాళం తీసింది. నేను పాపతో గడప మీద ఉన్నాను. తలుపు తెరవగానే బూడిదరంగు రెక్కల పురుగులు గుప్పున లేచాయి. పాప చప్పట్లు కొట్టి నవ్వింది. అత్త దుప్పటి లాగింది. లోపల పట్టు అనేది లేదు. సాలెగూడులాంటి తెల్లటి పోగులు, నల్లటి రవ్వలాంటి రెట్ట, మధ్యలో బలిసిన పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఒక చట్రం లాగితే కాలిన కాగితంలా రాలిపోయింది. చెక్కను కూడా గోటితో గీరినట్టు తినేశాయి.

నేను పాప చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాను, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు మరి. అత్త దుప్పటి మళ్ళీ కప్పేసింది.

"చిన్నత్తకి చెప్పావంటే నా మీద ఒట్టే."

చెప్పలేదు. గోడవైపు పెట్టెల్లో మామయ్య తీగ లాగిన బోడి చట్రాలే పెట్టాడు, ఈగలు పట్టు కట్టడం మొదలుపెట్టడానికి పైన మైనపు రేకు ముక్క అతికించి. "ఇవేనా?" అని ఒక్కసారి అడిగి ఊరుకున్నాడు. ఈగలు కాళ్ళు కాళ్ళు పట్టుకుని గొలుసుల్లా వేలాడి మైనం తీయడం మొదలుపెట్టాయి. చేలల్లోంచి తెచ్చిన తేనెంతా వాటి పొట్టల్లోకే పోతోంది. గేటువైపు మాత్రం కట్టిన ఇళ్ళలోకి దిగినట్టు ఆ నల్లపట్లు రోజురోజుకీ నిండుతున్నాయి.

అత్త వల వదిలేది కాదు. "వాన పడితే బావుణ్ణురా. పూలన్నీ రాలిపోతాయి."

"నీ పెట్టెలకీ తేనె రాదు కదా అత్తా."

"రాకపోనీ."

ఆ "రాకపోనీ" విని నాకు నవ్వొచ్చింది, కాస్త భయమూ వేసింది. నోట్లో అన్నం పెట్టుకోకుండానే ఆవిడ అలా నిలబడి గేటువైపు చూస్తుండేది. వల గళ్ళు నుదుటి మీద అచ్చు పడేవి.

వాన పడలేదు. తేనె తీసే రోజు చిన్నత్త పాత పట్లు, తిప్పి తేనె చిమ్మించే మిషన్లో గిర్రున తిరిగి, చెక్కుచెదరకుండా బయటికొచ్చాయి. అత్త వరసలో అప్పుడే కట్టిన తెల్లపట్లు వెన్నలా మెత్తన, రెండు తిప్పులకే విరిగి మిషన్లో పడ్డాయి. అటు డబ్బాలు నిండాయి. ఇటు గిన్నె అడుగున తేనె, దాంట్లో తేలుతున్న మైనం ముక్కలు.

అత్త షెడ్డులోకి పోయి, గీకడానికి ఏమీ లేని చట్రాన్ని గీకుతూ కూర్చుంది. నేను పాపతో ఆవిడ వెనకే చేరాను. కాసేపటికి చిన్నత్త ఖాళీ అయిన నల్లపట్లు చేతులనిండా మోసుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగింది.

"ఇవి తీసుకో అక్కా. నీ అల్మారాలోవి ఎప్పుడు తీస్తావు మరి? వచ్చే పూతకా?"

ఉలి ఆగింది. "ఏ అల్మారా?"

"నాకు తెలీదనుకున్నావా? అటు వెళ్తుంటే మైనం వాసన గుప్పుమనేది. మంచివన్నీ దాచుకుని నాకు మాడినవి పడేశావని ఎంత కుళ్ళుకున్నానో నాకే తెలుసు. తీగ మీద ఇవి ఊగుతుంటే నా కడుపు మండిపోయేది."

అత్త తల తిప్పి చూసింది. "కుళ్ళుకున్నావా? నువ్వా?"

"కుళ్ళుకోనూ? పెట్టెలో చెయ్యి పెట్టడానికేముంది, కాస్త మొండితనం ఉంటే ఎవరైనా పెడతారు. నీలా పట్టు ఎత్తి చూసి ఇది బతుకుతుంది, ఇది బతకదు అని చెప్పడం నాకు రాదే! నేర్పమందామంటే నేను గుమ్మంలోకి రాగానే ఉలి చప్పుడు పెరుగుతుంది."

"ఎప్పట్నించి?"

"ఏంటి ఎప్పట్నించి?"

"కుళ్ళు."

"వచ్చినప్పట్నించే. ఎందుకు, ముహూర్తం కూడా కావాలా?"

అత్త పీట మీద వెనక్కి జరిగి కూర్చుంది. అంత తేనె ఓడిపోయిన మనిషి మొహం అలా వెలుగుతుందని నేననుకోలేదు. పెదవులు బిగబట్టుకున్నా నవ్వు ఆగడం లేదు. "అబద్ధం" అంది, ఇంకోసారి చెప్పించుకోవడానికి.

"నా మొహం, నీతో అబద్ధమెందుకు?"

అప్పుడు అత్త లేచి, కొంగున ఉన్న తాళంచెవి విప్పి, చిన్నత్తను పడకగదిలోకి తీసుకెళ్ళింది. నేను వెళ్ళలేదు. దుప్పటి లాగిన చప్పుడు, ఆ వెంటనే చిన్నత్త గొంతు వినిపించాయి.

"అయ్యో అక్కా! దీనికోసమా నేను నిద్ర మానుకుని ఏడ్చింది!"

చిన్నత్త నవ్వుతూనే బయటికొచ్చింది. అత్త నవ్వలేదు. షెడ్డులోకి వచ్చి ఒక నల్లపట్టు చిన్నత్త చేతిలో పెట్టి కిటికీ వైపు తిప్పింది.

"ఎత్తు. అలా కాదు, మూలలు పట్టుకో. ఏం కనిపిస్తోంది?"

"నలుపు."

"ఇంకా పైకెత్తు. ఆ అంచున కాస్త వెలుతురు వస్తోందా? రావట్లేదు కదా, రానిది ఎలా ఉంటుందో ముందు చూసి పెట్టుకో. ఇది కాచేద్దాం, దీని రుణం తీరిపోయింది. ఇక మీద ఏదీ తీగ మీద పెట్టకు, బట్టల సబ్బు వాసన పడుతుంది. ఆ కర్రలకి తగిలిద్దాం, నీవీ నావీ కలిపి."

అంతలో వీధివైపునుంచి ఎవరో కేకేశారు. "ఈసారి తేనె బ్రహ్మాండంగా ఉందమ్మా! నీ హస్తవాసే హస్తవాసి!"

చిన్నత్త అత్త వైపు చూసింది. అత్త ఉలి తీసుకుని పక్కనున్న చట్రాన్ని ఒక్క దెబ్బ కొట్టింది. జిగురు పెచ్చు ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది. పాపకంటే ముందు నేనే తీశాను.

"వెళ్ళు, నీ హస్తవాసి పిలుస్తోంది" అంది అత్త. చిన్నత్త గుమ్మం దాటాక మళ్ళీ అరిచింది. "త్వరగా రా! ఇంకా సగం గుట్ట ఉందిక్కడ!"