మొసలి మాట మీద రాసిన పట్టిక

చల్లటి కొండల నడుమ ఉన్న జలాశయం గట్టుకు ఆనుకుని ఉన్న సూట్ల గదిలో పదకొండేళ్లుగా ఒక్క మనిషే పనిచేస్తోంది. అంతకుముందు ఆమె దర్జీ. ఇప్పుడు నీటి అడుగున పనిచేసే డైవర్లకు సూట్లు కొలిచి ఇవ్వడం, చిరిగితే అతకడం, నాచూ బురదా పోయేలా కడిగి ఆరవేయడం ఆమె వృత్తి. అందరూ సూట్లక్క అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినబడదు.

ఎవరి మెడ ఎంత, ఎవరి మణికట్టు ఎంత అన్నది ఆమెకు కంఠతా వచ్చు. ఎవరికైనా నడుం రెండంగుళాలు తగ్గితే ఇంట్లోవాళ్లకన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. అది ఎందుకు తగ్గిందో మాత్రం ఆమెతో చెప్పేవారు లేరు. సూటు తొడుక్కునేదాకా ఆమె చేతుల్లో ఉన్న మనిషి, తొడుక్కున్న మరుక్షణం నీళ్ల మనిషైపోతాడు. ఆమె ఎన్నడూ నీళ్లలో దిగలేదు. సాయంత్రం గదికి తాళం వేసి, వెనకనున్న క్వార్టరుకు నడిచి, తాళం తీసి లోపలికి వెళ్లేది. ఆ రెండు తాళాల మధ్య ఆమెను పలకరించే మనిషి ఉండడు.

ఉన్న ఒక్క తమ్ముడూ ఇక్కడే డైవర్ల నాయకుడు. ఎంత చల్లటి నీళ్లలోనైనా చలి వెయ్యదంటాడని అతనికి మొసలి అని పేరు పెట్టారు. ఊరికి అవతలి కొసన పెళ్లాం పిల్లలతో ఉంటాడు. అక్క ఇంటికి రావడం అరుదు. కాని పని ముగించి పైకి వచ్చిన ప్రతిసారీ తిన్నగా సూట్ల గదికే వచ్చి, "అక్కా, జిప్పు" అని వీపు తిప్పేవాడు. ఆమె జిప్పు లాగేది. తర్వాత ఇద్దరూ బల్ల మీద కూర్చుని టీ తాగేవారు. అతను గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని, నింపాదిగా తాగేవాడు. రోజు మొత్తంలో ఆమెతో పనికి సంబంధం లేని మాటలు మాట్లాడే మనిషి అతనొక్కడే.

గదిలో గోడ మీద ఒక పట్టిక ఉండేది. నీరు ఎన్ని డిగ్రీలుంటే ఏ సూటు తొడుక్కోవాలన్నది అందులో ఉంటుంది. ఈ పని పైకి కనిపించినంత తేలిక కాదు. వెట్‌సూటు నీటిని ఆపదు. కొద్దిపాటి నీరు లోపలికి వచ్చి, ఒంటికీ రబ్బరుకీ మధ్య పల్చటి పొరగా నిలిచి, ఒంటి వేడికి వెచ్చబడుతుంది. అందుకని ఆ సూటు ఒంటిని కరిచి పట్టుకోవాలి. వదులైతే కదిలినప్పుడల్లా చన్నీళ్లు వచ్చిపోతూ ఉంటాయి. డ్రైసూటు మెడ దగ్గరా మణికట్ల దగ్గరా బిగిసి నీటిని అసలు రానివ్వదు. అయితే దానికి సొంత వెచ్చదనం లేదు, ఆ పని లోపల వేసుకున్న ఉన్ని దుస్తులది. పైగా లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడికి రబ్బరు అణిగి పలచబడుతుంది గనుక, పైన సరిపోయిన మందం అడుగున సరిపోదు.

ఇవన్నీ సూట్లక్కకు తెలుసు. మీటరు మీటరుకూ ముడి వేసిన తాడుకు థర్మామీటరు కట్టి, వారం వారం తానే నీళ్లలోకి దించి లోతుల చల్లదనం కొలిచేది. ఆ అంకెల్లో పొరపాటు లేదు. కాని ఎంత చల్లదనానికి ఎంత మందం అన్న సంగతి థర్మామీటరు చెప్పదు. నీళ్లలోంచి వచ్చిన మనిషి చెప్పాలి. మొదటి ఏళ్లలో చల్లటి లోతులకు దిగినవాడు తమ్ముడొక్కడే. "చలి వేసిందా?" అని ఆమె అడిగేది. "వెయ్యలేదు" అనేవాడు. సూట్లు చేసినవాళ్ల చిన్న పుస్తకంలో ఇంకా మందమైనవి వాడమని ఉందంటే, "ఎక్కువ రబ్బరు అమ్ముకోవడానికి రాస్తారక్కా" అని నవ్వేవాడు. అచ్చులో ఉన్న మాటకన్నా కళ్లెదుట ఉన్న మనిషి నమ్మకమైనవాడని ఆమె అనుకుంది. ఇరవై అయిదు డిగ్రీల పైన మూడు మిల్లీమీటర్లు, పదమూడు దాకా అయిదు, తొమ్మిది దాకా ఏడు, అంతకు దిగువన మాత్రమే డ్రైసూటు అని రాసి అంటించింది.

ఆ ఏడాది చలికాలం మొదట్లో వేరే సంస్థ నుంచి ఒక డైవరు వచ్చి చేరింది. నలభై ఏళ్ల మనిషి, బక్కపలచనిది. వచ్చిన రోజే మొసలి ఆమెకు పిచ్చుక అని పేరు పెట్టాడు. పదమూడు డిగ్రీల నీళ్లలో అయిదు మిల్లీమీటర్ల సూటుతో గంటసేపు పనిచేసి వచ్చి, పళ్లు టకటక కొట్టుకుంటుండగా బల్ల మీద కూలబడింది.

"కాస్త జిప్పు లాగు అక్కా, నా వేళ్లు పనిచెయ్యట్లేదు. ఆ పట్టిక ఎవరు రాశారు?"

"నేనే."

"నీళ్లలోకి ఎప్పుడైనా దిగావా?"

"లేదు."

"అనుకున్నాను. ఈ నీళ్లకి అయిదు మిల్లీ ఏంటి తల్లీ, మనిషి బతికి పైకి రావాలనా, వస్తుందో రాదో చూద్దామనా?"

అప్పుడే పైకి వచ్చిన మొసలి గుమ్మంలో నిలబడి నవ్వాడు. "పిచ్చుకమ్మా, నాలుగు ముద్దలు ఎక్కువ తిను. ఒంట్లో కండ లేకపోతే గోడ మీద కాయితం ఏం చేస్తుంది?"

"నువ్వంటే మొసలివి బాబూ. మేమంతా మనుషులం. పట్టిక మనుషులకి రాయాలి కదా!"

గదిలో ఉన్న ఇద్దరు డైవర్లూ గొల్లుమన్నారు. మొసలి కూడా నవ్వి, "అక్కా, జిప్పు" అని వీపు తిప్పాడు.

సూట్లక్క చెయ్యి చాచి ఆగిపోయింది. ఆ జిప్పుకు నడుం దాకా వేలాడే పట్టీ ఉంది. డైవరు తనంతట తానే లాగి విప్పుకోవడానికి ఆ పట్టీని కుట్టింది ఆమే. పిచ్చుక వేళ్లు పనిచెయ్యక అడిగింది. మరి ఇతను? పదకొండేళ్లుగా ఇది తమ్ముడి గారాబమని, అక్క చెయ్యి తగిలితే గాని వాడికి పని పూర్తయినట్టుండదని తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. జిప్పు లాగి టీ ఇచ్చాక, అతను గ్లాసును వేళ్లతో కాక అరచేతులతో పట్టుకోవడం ఆమె చూసింది.

ఆదివారం సెలవు. ఉదయమే సూట్ల గది తెరిచి, బీరువాలోంచి పాత లాగ్‌బుక్కులన్నీ దించింది. పైకి వచ్చిన పావుగంటలోపు డైవరు తన చేత్తోనే లోతు, సమయం, సూటు, చలి వేసిందీ లేనిదీ రాయాలన్నది అక్కడి నియమం. ఆమె ఇన్నాళ్లూ ఆ గడుల్లోని మాట చదివిందే గాని రాత చూడలేదు. ఇరవై డిగ్రీల రోజున తమ్ముడు "లేదు" అని రాసిన అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి. పదమూడు డిగ్రీల రోజున అదే మాట గీత దాటి పక్క గడిలో పడింది. పది డిగ్రీల రోజున కొమ్ము ఒకచోట, అక్షరం ఒకచోట.

ఆమె తొందరపడలేదు. పడవ ఊగి ఉండవచ్చు. కాని వేసవిలోనూ అదే పడవ. తడి కాయితం కావచ్చు. కాని అంకెలకు ముందున్న తేదీ, పొద్దున్నే రాసినది, శుభ్రంగా ఉంది. తొందరలో గీకి ఉండవచ్చు. కాని వేసవిలో రోజుకు మూడుసార్లు దిగినప్పుడూ రాత చెదరలేదు. మిగతా డైవర్ల పుస్తకాలు తీసింది. వాళ్ల అక్షరాలూ అలాగే వంకర్లు పోయాయి, వాళ్లూ "లేదు" అనే రాశారు. నాయకుడికి వెయ్యని చలి తమకు వేసిందని ఎవడు రాస్తాడు? మధ్యాహ్నానికి ఆమెకు సందేహమేమీ మిగల్లేదు.

సోమవారం టీ వేళకు ఆ పుస్తకాలు తమ్ముడి ముందు పరిచింది.

"ఒరేయ్, వెయ్యలేదని రాసింది నీ చెయ్యే. వేసిందని చెప్తున్నదీ నీ చెయ్యే. దేన్ని నమ్మమంటావు?"

అతను పుస్తకం మూసి పక్కకు జరిపాడు. తర్వాత, "మొదటి రోజు గుర్తుందా?" అన్నాడు. "నువ్వు చేరి వారం కాలేదు. జాకెట్లు కుట్టుకునేదానికి సూట్లేం తెలుసని సూపర్‌వైజరు అందరి ముందూ అన్నాడు. నేను పైకొచ్చేసరికి నా మొహంలోకే చూస్తూ నుంచున్నావు. వేసిందని ఎలా చెప్పమంటావు?"

"మర్నాడు చెప్పొచ్చుగా."

"మర్నాటికి నువ్వు పట్టికలో మొదటి వరస రాసేశావక్కా."

ఆమె అతని చేతులు పట్టుకుని చూసింది. గదిలోనే ఉన్నా రెండు వేళ్ల కొసలు సున్నంలా తెల్లగా ఉన్నాయి.

"ఎన్నాళ్లుగా?"

"రెండేళ్లు. పొద్దున పూట చొక్కా గుండీలు నీ మరదలే పెడుతోంది." అతను చేతులు వెనక్కి లాక్కున్నాడు. "పట్టిక మార్చుకో, నేను కాదన్ను. ఈ పుస్తకాలు మాత్రం పైకి తియ్యకు. చూశారంటే నన్ను ఒడ్డున కూచోబెడతారు. నీళ్లు తప్ప నాకేం వచ్చు?"

"ఆధారం చూపకుండా మారిస్తే ఎవరు వింటార్రా? గురువారం ఆనకట్ట అడుగు గేటు పని. అక్కడ తొమ్మిదిన్నర డిగ్రీలు. నలుగురు గంటన్నరసేపు ఉంటారు, నా కాయితం చూసి ఏడు మిల్లీతో."

"డ్రైసూటు వేసుకోమని నేను చెప్తాలే వాళ్లకి."

"నువ్వు వేసుకుంటావా?"

అతను చల్లారిన గ్లాసును పక్కకు నెట్టాడు.

"నువ్వు వేసుకోకపోతే వాళ్లు వేసుకోరు. ఆ లోతున చేతులు మొద్దుబారినవాడు గాలి గొట్టం చిక్కుపడితే విప్పుకోలేడు."

అతను లేచి నిలబడ్డాడు. "అక్కా, నాకు ఇల్లుంది, పిల్లలున్నారు. నీకు నేనొక్కణ్ణే. ఆలోచించుకుని చెయ్యి."

బెదిరింపుగా అన్న మాట కాదది. ఉన్నది ఉన్నట్టు అన్న మాట. అందుకే ఆమెకు రెండు రోజులు అన్నం సహించలేదు. తమ్ముడు అబద్ధం ఆడిన మాట నిజం. ఆమెను కాపాడటానికి ఆడిన మాటా నిజమే. కాని ఒకడి మాటను అందరి ఒంటికీ కొలతగా తీసుకున్న తప్పు అతనిది కాదు. దర్జీగా ఉన్నన్నాళ్లూ ఒకరి కొలతతో ఇంకొకరికి చొక్కా కుట్టని మనిషి, ఇక్కడ అదే పని పదకొండేళ్లు చేసింది. ఆ సంగతి ఎవరూ ఆమెకు చెప్పనక్కర్లేకపోయింది.

బుధవారం పుస్తకాలు మోసుకుని సూపర్‌వైజరు గదికి వెళ్లింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని గంటసేపు తిరగేశాడు.

"ఇది మీ తమ్ముడి ఉద్యోగం మీదికి వస్తుంది, తెలుసా?"

"తెలుసండి."

"పట్టిక మీది. అది మీ మీదికీ వస్తుంది."

"అదీ తెలుసండి."

గురువారం నలుగురూ డ్రైసూట్లలో దిగారు, మొసలి బదులు వేరే మనిషితో. డాక్టరు మొసలి వేళ్లు చూసి చల్లటి నీళ్లు ఇక వద్దని రాశాడు. ఎండకాలమే తప్ప చలికాలమెరగని ఓడరేవులో సంస్థకు పని ఉంటే అక్కడికి బదిలీ చేశారు. సూట్లక్కకు రాతపూర్వకంగా మందలింపు వచ్చింది. న్యాయమేనని సంతకం పెట్టింది. వెళ్లే ముందు రోజు అతను ఆరవేసే తీగ మీంచి, ఓడరేవుకని ఆమె తీసి ఉంచిన మూడు మిల్లీమీటర్ల సూటు తీసుకున్నాడు, గదిలోకి రాలేదు. కిటికీలోంచి ఆమె చూస్తోందని అతనికి తెలుసు.

డ్రైసూటు జిప్పు భుజాల వెనక అడ్డంగా ఉంటుంది గనుక ఎవరికి వారు వేసుకోలేరు. ఇప్పుడు డైవర్లు వరసగా వచ్చి ఆమెకు వీపు తిప్పుతారు. ఆమె ఒకరి తర్వాత ఒకరికి జిప్పు వేసి, అంచుకు మైనం రాసి పంపుతుంది. పైకి వచ్చాక విప్పుతుంది. టీకి ఎవరూ ఆగరు. తమ నాయకుణ్ణి సాగనంపిన మనిషితో నవ్వుతూ కబుర్లు చెప్పడం వాళ్లకు కష్టంగా ఉంది. ఆ కష్టాన్ని ఆమె తప్పుపట్టలేదు.

"చలి వేసిందా?" అని పిచ్చుకను అడిగింది.

"లేదక్కా."

"ఇంకోసారి అడుగుతున్నాను."

పిచ్చుక ఆమె కేసి ఒక్క క్షణం చూసి, "పాదాలకి వేసింది" అంది. సూట్లక్క రాసుకుంది.

కొత్త పట్టికలో ప్రతి వరసకూ అయిదు గడులు గీసింది; అయిదుగురు వేరువేరు ఒళ్లవాళ్లు చెప్తే గాని ఏ వరసా గోడ ఎక్కదు. చల్లటి వరసలు మెల్లగా నిండుతున్నాయి. ఇరవై అయిదు డిగ్రీల పై వరస మాత్రం ఖాళీ. ఈ జలాశయం ఎన్నడూ అంత వెచ్చబడదు. దాని సంగతి చెప్పవలసింది ఓడరేవు వాళ్లే. మూడు వారాలు చూసి, ఒక మధ్యాహ్నం ఆఫీసు ఫోను అందుకుంది.

"సూట్ల గది నుంచి" అంది, అతను ఎత్తగానే.

అవతల క్రేను చప్పుడు. "చెప్పండి."

"అక్కడ నీళ్లెంత?"

"ఇరవై ఏడు."

"మూడు మిల్లీతో ఎంతసేపుంటున్నావు?"

"మూడు గంటలు."

"చలి వేస్తోందా?"

క్రేను చప్పుడు ఒకసారి ఆగి మళ్లీ మొదలయింది. అతను ఆఫీసు మనిషికి బదులు చెప్తున్నట్టు, తొణక్కుండా చెప్పాడు. "రెండు గంటలదాకా వెయ్యదండీ. ఆ తర్వాత వేస్తోంది. రాసుకోండి."

ఆమె రాసుకుంది. వేళ్లెలా ఉన్నాయని అడగబోయేలోగా ఫోను పెట్టేశాడు. ఆ వరసలో మొదటి గడి నిండింది. ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి. ఓడరేవులో మిగతా డైవర్ల నంబర్లు ఇమ్మని అతన్నే అడగడానికి ఆమె మళ్లీ ఫోను ఎత్తింది.