తొమ్మిది మూరల కట్ట

పొద్దున్నే సముద్రానికి దణ్ణం పెట్టుకున్నాక నాంచారయ్య, మంగినపూడి దగ్గరున్న తమ ఊరి కరకట్ట మీద ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిచేవాడు. పీతలు తవ్విన బొరియ కనబడితే తడిమట్టి కుక్కి మడమతో తొక్కేవాడు. లోపల పీత ఉంటే ముందు దాన్ని బయటికి రానిచ్చేవాడు. డెబ్భై ఏడు ఉప్పెనలో సన్నగా ఉన్నచోటే కట్ట తెగి, అతని చెల్లెలు నీళ్ళలో పోయింది. రెండువేల ఆరులో కట్టను వెడల్పు చేసే పని మొదలైంది. ఎంత వెడల్పని అడిగితే, "అది ఆఫీసు కాగితం, నీకెందుకు తాతా?" అని మేస్త్రీ నవ్వాడు. నాంచారయ్య కొత్తగా వచ్చిన సమాచార హక్కు చట్టం కింద బందరు వెళ్ళి అర్జీ పెట్టాడు. నెల తిరిగేసరికి కాగితం వచ్చింది: కట్ట పైన నాలుగు మీటర్లు. అంటే దాదాపు తొమ్మిది మూరలని బడి పంతులుగారు చెప్పారు. మర్నాడు అతను పని పూర్తయిన చోట కట్ట మీద మోకాళ్ళూని, మోచెయ్యి నేలకానించి అడ్డంగా ఓపిగ్గా కొలుచుకుంటూ వెళ్ళాడు. ఏడు మూరలే వచ్చాయి.

"ఏంటి పెద్దాయనా, పూలు కొలుస్తున్నారా?" అన్నాడు అప్పుడే జీపు దిగిన కుర్ర ఇంజనీరు.

"పూలైతే రెండు మూరలు తగ్గినా ఊరుకుందును బాబూ" అంటూ నాంచారయ్య కాగితం అందించాడు.

ఇంజనీరు టేపు పట్టించి చూశాడు. తర్వాత చెయ్యందించి ముసలాయన్ని లేపి, "తక్కువున్న మాట నిజమేనండీ. మళ్ళీ మట్టి పోయిస్తాను" అన్నాడు.

"చల్లగా ఉండండి బాబూ. ఇంకొక్క ఉపకారం చెయ్యండి. ఆ లెక్క ఇక్కడ బోర్డు మీద రాయించండి. మీటర్లతో పాటు మూరలు కూడా వేయించండి. నేను పోయాక, మూరేసి పూలు కొలిచే మా ఆడోళ్ళు దీన్నీ కొలుచుకోవాలి."