పొలిమేరలో దులిపిన శాపం

పందొమ్మిది వందల యాభైల్లో బేతంచెర్ల నుంచి కర్నూలు పోయే బస్సులో జరిగిన అవమానాన్ని నేనింకా మరిచిపోలేదు. తువ్వాలు వేసి పట్టుకున్న నా సీటును కండక్టరు ఒక జరీపంచె పెద్దమనిషికి ఇచ్చేశాడు. అడిగితే, "ఏమప్పా, సీటు మింద నీ పేరు రాసిండాదా? వెనక్కి పో" అన్నాడు. బస్సంతా నవ్వింది.

వెనక సీట్లో ఒకామె పక్కన కూర్చుని, "వీని కొంప..." అని శాపం మొదలుపెట్టాను.

ఆమె గబుక్కున నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆమె ఒళ్లో వేపాకు కప్పిన ముంత ఉంది.

"వద్దప్పా! నా బిడ్డకు అమ్మవారు పోసిండాది. సుంకులమ్మ గుడి నీళ్లు తీసకపోతాండా. చెడ్డమాట అమ్మ చెవిన పడితే ఆ కోపం నా బిడ్డ మింద పోతాది."

"అట్లయితే నేను మింగాల్నా?"

"ఎందుకు మింగేది? ఈడ వెయ్యి" అంటూ కొంగు పట్టింది.

కొంగును నా నోటి దాకా తెచ్చింది. వేళాకోళమనుకునే వీలే లేదు. నేను వంగి ఆ కొంగులోకి ఊపిరి వదిలాను. ఆమె దాన్ని ముడి వేసింది. ఊరి పొలిమేర రాయి దాటగానే ముడి విప్పి, కిటికీ బయట దులిపింది.

"ఇది ఎవురి ఊరూ కాదు. ఎవురికీ తగల్దు."

బయట ఎండిన నేల తప్ప ఏమీ లేదు.

కండక్టరు మీద కోపం ఇప్పటికీ ఉంది. కానీ ఎవరినైనా శపించబోతే, ముందు పక్కవాళ్ల ఒళ్లోకి చూస్తాను.