పసుపు చుక్క పెట్టిన పిచ్చుక గూళ్లు

బీఎస్సీలో నా మార్కులు చూసి ఇంట్లో ఎవరూ ఏడవలేదు. ఏడ్చేంత ఆశలు ఎవరికీ ముందునుంచీ లేవు. కెమిస్ట్రీ రెండోసారి రాసి గట్టెక్కాను. అలాంటివాణ్ణి వన్యప్రాణుల మీద ఎమ్మెస్సీకి ప్రవేశ పరీక్ష రాస్తే ఇంటర్వ్యూకి పిలిచారు. అమ్మ కవరు మీద పేరు మళ్లీ చదివింది.

ఇంటర్వ్యూలో ఎదురుగా ముగ్గురు ప్రొఫెసర్లు. వాళ్లలో తెలుగాయన నా మార్కుల కాగితం పైకెత్తారు.

"ఏమయ్యా, ఏంటీ మార్కులు?"

"నావేనండీ."

"అది అడగలేదు. క్లాసుకెళ్లకుండా ఏం చేసేవాడివి?"

"ఆటోనగర్లో పిచ్చుకల్ని చూసేవాణ్ణండీ."

నిజమే. నాన్నకి అక్కడ లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. స్పేర్ పార్టుల కోసం నిలిచిపోయిన లారీల బానెట్ల కింద పిచ్చుకలు గూళ్లు పెట్టేవి. గుడ్లున్న బండిని ఎవరూ స్టార్ట్ చేయకూడదని బానెట్ మీద పసుపు రంగు చుక్క పెట్టాను. ఒక్క సంగతి మర్చిపోయాను. షెడ్డులో బోల్టు బిగించాక దాని మీద పెట్టేదీ పసుపు చుక్కే. చుక్క పడిందంటే పనైపోయినట్టు.

ఒక లారీకి బ్రేకుల ట్రయల్ మాత్రం మిగిలింది. మేస్త్రీ చుక్క చూశాడు, డ్రైవర్ని పిలిచి తాళాలిచ్చేశాడు. లారీ గూటితో సహా ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌కి బూడిద లోడు కోసం వెళ్లిపోయింది. బ్రేకులకేమీ కాలేదు. ఇదంతా ఆయనకి చెప్పాను.

"మరి గుడ్లు?" అన్నారు ప్రొఫెసర్.

"సాయంత్రానికి లారీ తిరిగొచ్చిందండీ. గుడ్లు రాలేదు. తల్లి మాత్రం బండి నిలబడే చోటే తిరుగుతూ ఉంది."

"తర్వాత?"

"చుక్కలు తుడిచేసి ఎర్రగుడ్డలు కట్టానండీ. ఎర్రగుడ్డ కట్టిన బండిని మావాళ్లు ముట్టుకోరు. మిగతా గూళ్లలో పిల్లలు ఎగిరిపోయేదాకా ఒక్క లారీ కదల్లేదు. మా నాన్న మాత్రం నా మీదికి కదిలాడు."

ఆయన మిగతా ఇద్దరికీ అదంతా ఇంగ్లీషులో చెప్పారు. వాళ్లు నవ్వలేదు, రాసుకున్నారు. నాకు అప్పుడు భయమేసింది.

"మొదటి సెమిస్టర్లో స్టాటిస్టిక్స్ తప్పితే ఇంటికి పంపేస్తాం. సరేనా?"

"మావాళ్లకి అలవాటేనండీ."

సీటొచ్చిందని పటమటలో ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి తెలుసుకున్నాను. ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. నా రేకు పెట్టెని షెడ్డుకి తీసుకెళ్లి, ఊడిపోతున్న గడియకి కొత్త బోల్టులు బిగించాడు. అలవాటు కొద్దీ వాటి మీద పసుపు చుక్కలు పెట్టాడు.

"పనైపోయినట్టేనా నాన్నా?"

"పెట్టెదైపోయింది," అన్నాడు బ్రష్షు కిరసనాయిల్లో ముంచుతూ. "నీది ఇంకా ట్రయలేరా."