మూడో వన్స్‌మోర్

ఇరవై ఏళ్లుగా మా హార్మోనియం పెట్టె కంటే బరువైనదొకటి మోస్తున్నాను. పెట్టెనైతే ఎవరో ఒకరు చెయ్యేసి అందుకుంటారు. దీన్ని ఎవరికిచ్చేది? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది తాండూరు. మా నాటక బృందంలో నేను హార్మోనిస్టుని. ఇల్లరికపు అల్లుడి మీద మేమే రాసుకున్న హాస్య నాటకం ఆడేవాళ్లం. పాటలే దాని ప్రాణం. ఇంకొక్క జొన్నరొట్టె వెయ్యమని అల్లుడు అత్తను బతిమాలే పాటంటే జనం పడి చచ్చేవారు. ఆ అల్లుడి వేషం నేను కట్టాలనుకున్నాను. కందిపప్పు మిల్లులో పనిచేసే బాలప్పకు ఇచ్చారు. న్యాయమే, గొంతు అతనిది. ఆ న్యాయమే నాకు మింగుడు పడలేదు.

వికారాబాద్‌లో ఒక బడి మైదానంలో, పట్టపగలు ఆట. రొట్టె పాట అవగానే జనం వన్స్‌మోర్ అన్నారు. అలా అంటే మళ్లీ పాడాల్సిందే, అది మా రంగస్థలం మర్యాద. మళ్లీ ఎత్తుకునేటప్పుడు శ్రుతి ఒక మెట్టు పెంచాను. చప్పట్ల ఊపులో అతను గమనించలేదు. రెండోసారి అడిగారు, ఇంకో మెట్టు. మూడోసారైనా నా వేళ్లు ఆగొచ్చు కదా? ఆగలేదు. పై స్వరం దగ్గర బాలప్ప గొంతు కోడిపుంజు కూతలా చీలింది.

మైదానమంతా విరగబడి నవ్వింది. ఆకలికి అల్లుడి గొంతు ఎండిపోయిందనుకున్నారు. నాకూ నవ్వాగలేదు. ఇప్పుడు తలచుకున్నా ఆగదు, అదే నా సిగ్గు.

ఆట అయ్యాక బాలప్ప వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“నా గొంతు గింతేనా తమ్మీ?” అన్నాడు.

“ఫికర్ జెయ్యకన్నా, జనం మస్తు నవ్విండ్రు” అన్నాను.

నిజాన్ని ఆ మాట కింద పూడ్చేశాను. ఆ చీలికే నాటకానికి పేరు తెచ్చింది. నవాబుపేట నుంచి దౌల్తాబాద్ దాకా అందరూ అదే అడిగారు. బాలప్ప కావాలనే గొంతు చీల్చుకుని నవ్వించాడు. కానీ తనకు ప్రాణమైన పద్యాలు మాత్రం మళ్లీ ఎత్తలేదు. నేను చెప్పి ఉంటే ఎత్తేవాడా? చెప్పడానికి ఇరవై ఏళ్లు చాలలేదా?

మొన్న ఆదివారం అతని బిడ్డ సునంద ఆ పాట నేర్చుకోవడానికి వచ్చింది. ఈసారి అల్లుడి వేషం ఆమెదే. మన ఇంటి గొంతులు పైకి పోవు, కింది శ్రుతిలోనే పాడమని తండ్రి చెప్పి పంపాడట. ఆమెకు ముందే చెప్పి, ఒక్కో మెట్టూ పెంచాను. మూడు మెట్లు. వేషం కోసం అంటించి చూసుకుంటున్న పెట్టుడు మీసం జారకుండా వేలితో అదిమిపట్టి, పై స్వరాన్ని అవలీలగా అందుకుంది. నాన్న ఊరికే భయపెట్టాడని నవ్వింది. నాకు సంతోషంతో కళ్లు నిండాయి.

అప్పుడూ నోరు విప్పలేదు. రేపు విప్పుతానో లేదో. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీది కాదు. అయినా ఇది రాస్తుంటే లోపల రొట్టె పాట మోగుతోంది, ఎన్నేళ్లకో హాయిగా. బాలప్పన్న గొంతులో ఏ లోటూ లేదు. శ్రుతి పెంచింది నేను.