రిఫరెన్సుల్లో లేని పేపరు

2011 అక్టోబరు, ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. సాయంత్రం, ఎల్‌బీ నగర్‌లో ప్రొఫెసర్ మూర్తిగారి ఇల్లు. ఉన్నది నలుగురం: మూర్తిగారు, ఆయన భార్య అన్నపూర్ణమ్మగారు, డాక్టర్ గంజి సువర్ణ, నేను. నా డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది.

నేను ఒక కేంద్ర పరిశోధన సంస్థలో లైబ్రేరియన్‌గా పనిచేసేవాణ్ని. శాస్త్రవేత్తలు పదోన్నతికి వెళ్లేటప్పుడు వాళ్ల పబ్లికేషన్ రికార్డు తయారు చేయడం నా పనుల్లో ఒకటి. ఎవరు ఏయే పేపర్లు రాశారు, వాటిని తోటి పరిశోధకులు ఎన్నిసార్లు ఉదహరించారు అన్నది అందులో ఉంటుంది. ఒక పేపరు ఇంకో పేపరును ఉదహరించడాన్ని సైటేషన్ అంటారు. ఉదహరించిన వాటి జాబితా ప్రతి పేపరు చివరా ఉంటుంది. దాన్ని రిఫరెన్సులు అంటారు.

సువర్ణ పోచంపల్లి నేతపనివాళ్ల ఇంటి పిల్ల. న్యూరోసైన్స్‌లో, ఎలుకల మెదడులో జ్ఞాపకం ఎలా నిలబడుతుందన్న దానిమీద పనిచేసేది. మర్నాడు ఆమె పదోన్నతి కమిటీ. మధ్యాహ్నం రికార్డు సరిచూస్తుంటే, ఆమె పేపర్లలో అందరూ ఎక్కువగా ఉదహరించిన మొదటి పేపరే డేటాబేసులో ఆమె పేరు కింద కనిపించలేదు. వెతికితే వేరే మనిషిగా దొరికింది. మిగతా పేపర్లలో ఇంటిపేరు గంజి. ఇందులో ఇంటిపేరు సువర్ణ.

"ఇదేందమ్మా?" అన్నాను.

ఆమె తల పట్టుకుంది. "ఫారంల లాస్ట్ నేమ్ అని ఉండె సార్. మనం ఇంటిపేరు ముందు రాస్తం గదా. ఆఖరుకు రాసేది నా పేరే గదా అని సువర్ణ అని పెట్టిన."

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ వేరే పేరుతో ఉన్న పేపరును లెక్కలోకి తీసుకోవాలంటే దాని కరెస్పాండింగ్ ఆథర్, అంటే ఆ పేపరుకు బాధ్యుడైన రచయిత, ఆ రెండు పేర్లూ ఒకరివేనని సంతకం చేసి ఇవ్వాలి. ఆయన సువర్ణ గైడు మూర్తిగారు, అప్పటికే రిటైరయ్యారు. ఆ మాట చెప్పగానే సువర్ణ నవ్వు ఆగిపోయింది.

"ఆయనింటికి నేను పోను సార్."

"పోకుంటే పేపరు పోతది. పేపరు పోతే పోస్టు పోతది. నడువు, నేనూ వస్తా."

కారణం నాకు తెలుసు. రెండేళ్ల క్రితం సెమినార్‌లో ఆమె మాట్లాడుతుంటే మూర్తిగారు, "ఆ యాసలో చెబితే ఎలుకలు కూడా నవ్వుతాయమ్మా" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె ఆయన గది గుమ్మం తొక్కలేదు.

బస్సులు లేవు. ఆమె స్కూటీ వెనక కూర్చున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో దీక్షా శిబిరం ముందు డప్పులు మోగుతున్నాయి. కొత్తపేట దాటి ఎల్‌బీ నగర్ చేరాం.

తలుపు మూర్తిగారే తీశారు. "ఏమ్మా, ఇవాళ రాస్తారోకో లేదా?"

"సంతకం కావాలె సార్."

"మీ గడ్డమీద నా సంతకం చెల్లుతుందా?"

"ఊరుకోండి. పిల్ల ఇన్నాళ్లకి వచ్చింది" అని కసిరి అన్నపూర్ణమ్మగారు కాఫీ తెచ్చారు.

నేను సంగతి చెప్పాను. లాస్ట్ నేమ్ కథ విని ఆయన గట్టిగా నవ్వారు. ఆ నవ్వుకు సువర్ణ ముఖం బిగుసుకుంది. అది చూసి ఆయన ఆగిపోయారు.

"అప్పుడు సరదాకి అన్నానమ్మా."

"ఎలుకలు నవ్వలే సార్. మీరు నవ్విండ్రు."

ఆయన కాగితం అందుకుని సంతకం చేశారు. ఆ పేపరులో ఆలోచనా, ప్రయోగమూ సువర్ణవేనని అడక్కుండానే కింద రెండు వాక్యాలు రాశారు. కాగితం నా చేతికిస్తూ ఆమె వైపు చూశారు.

"నీ కొత్త పేపర్లన్నీ చదివాను. బాగున్నాయి. ప్రతిదాంట్లో రిఫరెన్సులు వెతికాను. మన పేపరు ఎక్కడా లేదు."

సువర్ణ తల దించుకుంది. ఆమెను ఎవరెవరు ఉదహరించారో చూడటమే నా పని. ఆమె ఎవరిని వదిలేసిందో నేనెప్పుడూ చూడలేదు. ఆయన పేరు రాయకూడదన్న పంతంతో ఆమె తన పేపరునే వదిలేసింది.

మర్నాడు ఉదయం కమిటీ ముందు రికార్డు పట్టుకుని నేనూ కూర్చున్నాను. పేర్ల గొడవ నిమిషంలో తేలిపోయింది. తర్వాత బయటి సభ్యుడొకాయన అడిగాడు: "మీ తర్వాతి పనికంతా మూలం ఈ పేపరే కదా. మీరే ఎక్కడా ఉదహరించలేదేం?"

"పొరపాటయింది" అంది సువర్ణ.

"ప్రతిసారీనా?"

సొంత ఆలోచనైతే ఎవరూ ప్రతిసారీ మరిచిపోరు. ఆలోచన గైడుదే అయ్యుంటుందని, మంచి మనసుతో శిష్యురాలికి రాసిచ్చారని వాళ్లు అనుకున్నారు. పోస్టు ఇంకొకరికి వెళ్లింది.

వరండాలో అన్నాను: "ఉన్న మాట చెప్పేదుండె గదమ్మా."

"ఏం జెప్పాలె సార్? ఆయన నవ్విండని నా పేపరు నేనే రాసుకోలేదని చెప్పాల్నా?"

రికార్డు ఎంత సరిగ్గా తయారు చేసినా, ఒక పేరు ఎందుకు రాలేదో అది చెప్పదు. ఆ తర్వాత నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు వాళ్ల రిఫరెన్సులే చూసేవాణ్ని.

సువర్ణ ఆ వరండాలోనే ఫోను తీసింది. "సార్, నేను సువర్ణని. పోస్టు రాలే సార్" అంది. అటునుంచి మూర్తిగారు ఏమన్నారో నాకు వినబడలేదు. ఆమె గోడకు ఆనుకుని చాలాసేపు వింటూ నిలబడింది.