రంజన్‌లో పాట, గరగరలో పెద్దమ్మ

మా చిన్నప్పుడు నేరేడుచర్లలో మా ఇంటి నీళ్ల రంజన్ కుండలోంచి పాటలు వచ్చేవి...

నిజమండీ! నాన్న రైస్‌మిల్లులో పనిచేసేవాడు. ఇంట్లో ఒక టేప్‌రికార్డర్ ఉండేది. కుండలో పెడితే బేస్ బాగా వస్తుందని ఎవరో చెప్పారట. అంతే... ఎండాకాలం నీళ్లకని అమ్మ తెచ్చుకున్న కొత్త రంజన్ మూతి మీద స్పీకరు బిగించేశాడు. ఒకటే గుమ్... గుమ్... పాటలో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!

"సల్లటి నీళ్లకని తెస్తే దీంట్ల పాటలు పోస్తున్నవా?" అని అమ్మ రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు.

నాన్న ఊరుకునే రకమా? ముందు అమ్మకు ఇంకో రంజన్ తెచ్చిచ్చాడు. పాతదాన్ని గోడ మూల నుంచి ఇవతలికి జరిపాడు. లోపల పాత చీర ముక్కలు కుక్కాడు, కింద గోనెసంచి మడిచి పెట్టాడు. అప్పుడు పాట పాటలా వినిపించింది. "ముందుగాల జాగ సూడాలె బిడ్డా... బటన్లు తర్వాత" అనేవాడు, అన్నీ తెలిసిన ఇంజనీరులా.

ఆ టేప్‌రికార్డర్‌తోనే ఒక బతుకమ్మ పండక్కి అమ్మ పాట రికార్డు చేశాడు. తుంగతుర్తి నుంచి వచ్చిన పెద్దమ్మ, అంటే అమ్మ వాళ్ల అక్క, వెనక నుంచి వంత పాడింది. మెత్తటి గొంతు ఆమెది. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆ గొంతు మాకు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్‌లోనే.

మొన్న మిర్యాలగూడలో మా ఇంటికి కొత్త స్టీరియో కొన్నాను. అంతా డిజిటల్... బేస్ పెంచే బటన్, పెద్ద హాల్లో విన్నట్టు చేసే బటన్, పాత రికార్డుల్లో గరగర తీసేసే బటన్. క్యాసెట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, మా దగ్గరే ఉంటున్న అమ్మను సోఫాలో కూర్చోబెట్టి, బటన్లన్నీ నొక్కేశాను. గరగర మాయం! నా తెలివికి నేనే మురిసిపోయాను.

అమ్మ ముఖం మాత్రం చిన్నబోయింది.

"నేనొక్కదాన్నే పాడుతున్న గదనే... మా అక్క ఏది బిడ్డా?"

గరగరతో పాటు పెద్దమ్మ సన్నటి గొంతును కూడా చెత్తే అనుకుని ఊడ్చేసింది ఆ మిషన్.

అప్పుడు గుర్తొచ్చింది నాన్న మాట. బటన్లన్నీ ఆపేశాను. షోకేసు మూలలో ఇరికించిన స్పీకర్లను ఇవతలికి లాగి, కింద దుప్పటి మడిచి పెట్టి, అమ్మ వైపు తిప్పాను. గది ఇంకా కొంచెం గుమ్మంటుంటే, సెట్టింగ్‌లోకి వెళ్లి ఆ బేస్ ఒక్కటి కాస్త తగ్గించాను. డిజిటల్‌తో నాకు పడ్డ అవసరం అంతే.

గరగర మళ్లీ వచ్చింది... దానితో పాటే చప్పట్లు... ఆ చప్పట్ల వెనక, మెత్తగా, పెద్దమ్మ!

"గీడనే ఉన్నదే మా అక్క!" అంది అమ్మ. ఉన్నట్టుండి తనూ గొంతు కలిపింది. తన పాత పాటకు తనే, అక్క పక్కన కూర్చున్నట్టు వంత పాడింది.

ఇప్పుడు ఏ చప్పుడునైనా ఒక్క బటన్‌తో తీసేయొచ్చు... అప్పట్లో ఆ వీలు లేకపోబట్టే మా పెద్దమ్మ మాకు మిగిలింది.

మీ ఇంటి పాత క్యాసెట్ల గరగరలో ఎవరున్నారు? రాయండి... అమ్మకు చదివి వినిపిస్తాను.